చెవి లెక్క

(కోసిగిలో అయ్యవారి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



మనం ఇవాళ తలచుకుంటున్న పెద్దాయనను ఈ ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. చిన్నాపెద్దా అందరికీ ఆయన అయ్యవారే. నేనూ అలాగే అంటాను. బడి వదిలాక పొద్దు గూకే వేళకు కట్ట మీద కూర్చుని ఆ రోజు పేపరు చదివి వినిపించడం ఆయన నడిపిన రెండో బడి. చుట్టూ చేరినవాళ్లలో చాలామందికి సంతకం కూడా రాదు. ఆదోని మార్కెట్లో పత్తి ఎంత పలికిందో, తుంగభద్ర దిగువ కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఎవరికి ఏ పింఛను వస్తుందో ఆయన నోటి నుంచి వాళ్ల చెవిన పడాల్సిందే. మైకు లేదు. వెనక కూర్చున్న అవ్వకు సరిగా వినపడకపోతే "అయ్యవారూ, ఇంగొకసారి చెప్పు సామీ" అనేది. ఆయన విసుక్కోకుండా మళ్లీ మొదటి నుంచి చదివేవారు.

మీకు తెలిసిన విషయమే మాట్లాడండని నిర్వాహకులు నాకు చెప్పారు. నేను చెవి, ముక్కు, గొంతు డాక్టరును. ఈ చుట్టుపక్కల పల్లెల చెవులు చూస్తూనే ముసలివాడినయ్యాను. కాబట్టి చెవి గురించే మాట్లాడతాను. అందులోనూ ఇప్పుడు ప్రతి కుర్రవాడి చెవిలో కనిపించే ఇయర్‌ఫోను గురించి. అది పట్నం పిల్లల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లు ఈ సభలో ఉండవచ్చు. పట్నంలో కన్నా కోసిగిలోనే అది పెద్ద గొడవ అన్నది నా వాదన.

రాష్ట్రంలో అక్షరాస్యత బాగా తక్కువగా ఉన్న మండలాల పేర్లు తీస్తే కోసిగి పేరు రాక తప్పదు. చదివి తెలుసుకునే వీలు లేనివాడు విని తెలుసుకోవాలి. డాక్టరు చెప్పిన మాత్రల లెక్క, బ్యాంకులో చెప్పిన వడ్డీ లెక్క, మేస్త్రీ చెప్పిన కూలి లెక్క, అన్నీ చెవి గుండానే రావాలి. చదువుకున్నవాడికి వినికిడి కొంచెం తగ్గితే కాగితం చూసుకుంటాడు. చదువు రానివాడికి తగ్గితే ఇంకొకరి మీద ఆధారపడతాడు, లేదా మోసపోతాడు.

ఇక సుగ్గి వలసల సంగతి మీకు నేను చెప్పేదేముంది. వానలు మొహం చాటేసిన ఏడాది దీపావళి దాటిందో లేదో సగం ఊరు ఖాళీ. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీయడానికి కొందరు, బెంగళూరు కట్టడాల పనికి కొందరు. పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉంటారు. ఆ నెలల్లో తల్లికీ బిడ్డకూ నడుమ ఉండేది ఒక్క ఫోను మాటే. "ఏం తిన్నావు నాయనా" అని అక్కడ తల్లి అడిగితే, ఇక్కడ బిడ్డకూ పక్కనున్న అవ్వకూ అది స్పష్టంగా వినపడాలి. నేను చెవుల గురించి ఇంత పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే.

చెవిని చెడగొట్టే చప్పుడు మన దాకా ఎలా వచ్చిందో ముందు చెబుతాను. ఈ ప్రాంతం 1953 దాకా బళ్లారి జిల్లాలోనిది. ఆ గడ్డ మీద బళ్లారి రాఘవ వంటి నటుడు నడిచాడు. 1880లో పుట్టి 1946లో పోయిన మనిషి. ఆయన నాటకాలాడిన కాలంలో ఎక్కువ భాగం రంగస్థలం మీద మైకన్నది లేదు. ఎంత గొప్ప నటుడైనా మనిషి గొంతుకు ఒక హద్దుంది. ఆ హద్దే వినేవాడి చెవికి కాపలా. చెవిని చెడగొట్టే చప్పుడు ఆ రోజుల్లో కొన్ని వృత్తులవాళ్లకే ఉండేది. ఇటలీ వైద్యుడు రామజ్జిని 1713లోనే వెనిస్ నగరపు కంచరివాళ్ల చెవుడు గురించి రాశాడు. రోజంతా రాగి రేకులు కొట్టీ కొట్టీ వాళ్ల చెవులు పోయాయని. మన కంచరి వీధుల్లోనూ అంతే జరిగి ఉంటుంది, రాసినవాడు లేడు.

తర్వాత హారన్లు, లౌడ్ స్పీకర్లు వచ్చాయి. అప్పటికీ చప్పుడు బయటే ఉంది. చెవి దగ్గరికి దాన్ని తెచ్చింది హెడ్‌ఫోను. 1910లో అమెరికాలో నథానియెల్ బాల్డ్విన్ తన వంటింట్లో తయారుచేసి నౌకాదళానికి అమ్మినవి మొదటి తరం హెడ్‌ఫోన్లు. పాటల కోసం జనం కొనుక్కునేలా చేసింది 1958లో జాన్ కాస్. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చి, నడిచే మనిషి చెవిలో పాట పెట్టింది. మన పల్లెల్లో ఆ పని జరిగింది 2016 తర్వాత, జియో వచ్చి డేటా చవకయ్యాక. అంతకుముందు రీచార్జి చూసుకుని మాట్లాడినవాళ్లు ఆ తర్వాత పొద్దున్నుంచి రాత్రి దాకా సినిమాలు, పాటలు వినడం మొదలుపెట్టారు.

రేడియో కాలం గుర్తున్నవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. కడప కేంద్రం పాటలు నడింట్లో మోగేవి. మోత ఎక్కువైతే లోపలి నుంచి తాత "ఒరేయ్, తగ్గించరా" అని కేకేసేవాడు. తగ్గించక తప్పేది కాదు. ఇయర్‌ఫోను వచ్చాక ఆ కేక పోయింది. కొడుకు పక్కన కూర్చున్న తండ్రికి ఆ పాట ఎంత మోతలో మోగుతోందో తెలియదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, పిల్లవాడు ఎవరి జోలికీ పోకుండా కూర్చున్నాడు, బుద్ధిమంతుడు అనుకుంటాం. వేలెడు పొడవు కూడా లేని చెవి గొట్టంలో మాత్రం జాతర జరుగుతూ ఉంటుంది.

లోపల ఏం జరుగుతుందో కొంచెం చెబుతాను. లోచెవిలో రెండున్నర చుట్లు చుట్టుకున్న చిన్న గొట్టం ఉంది, కాక్లియా అంటారు. అందులో ఒక్కో చెవికి సుమారు 15 వేల రోమకణాలు. వాటి తలల మీద సన్నని కుచ్చులు ఉంటాయి. శబ్దం వచ్చినప్పుడు లోపలి ద్రవం కదులుతుంది, కుచ్చులు వంగుతాయి, ఆ వంగడమే నరంలోకి సంకేతమై మెదడుకు పోతుంది. పెద్ద గాలికి జొన్న చేను వాలిపోతే మరునాటికి కొంత లేస్తుంది చూడండి, పెద్ద చప్పుడుకు ఆ కుచ్చులూ అలాగే వాలి మళ్లీ లేస్తాయి. జాతర చూసి వచ్చిన రాత్రి చెవులు గుయ్యిమనడం, తెల్లారేసరికి తగ్గడం అందువల్లే. కానీ మొదలంటా విరిగిన కంకి లేవదు. చచ్చిన రోమకణం మనిషిలో మళ్లీ పుట్టదు. కోళ్లలో, ఇతర పక్షుల్లో పుడుతుందని 1980ల చివర్లో కనిపెట్టారు. మన పెరట్లో తిరిగే కోడికి ఉన్న ఆ వరం మనకు లేదు. చచ్చిన ఆ కణాన్ని తిరిగి తెచ్చే మందు లేదు, ఆపరేషన్ లేదు. వినికిడి మిషను పెట్టుకుంటే మోత పెరుగుతుంది గానీ పోయిన స్పష్టత పూర్తిగా తిరిగి రాదు.

కాక్లియా గొట్టంలో సన్నని, పదునైన ధ్వనులను పట్టే కణాలు మొదట్లోనే ఉంటాయి. చప్పుడుకు ముందు దెబ్బ తినేది ఆ వైపే. మన మాటల్లో అచ్చులు లావు ధ్వనులు. స, శ, చ, త, ఫ వంటి హల్లుల్లోని పదును పై ధ్వనుల్లో ఉంటుంది. అందుకే చప్పుడు వల్ల చెవి చెడ్డవాడికి మాట వినపడుతుంది, అర్థం కాదు. పత్తి అన్నా, పచ్చి అన్నా, పట్టి అన్నా ఒకటే అనిపిస్తుంది. ఊరకుండే ఇంట్లో బాగానే నెట్టుకొస్తాడు. నలుగురు మాట్లాడే చోట తడబడతాడు.

బెంగళూరులో పని చేసి పండగకు ఊరొచ్చిన కుర్రవాడు ఒకడు నా దగ్గరకొచ్చాడు. ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. పెళ్లయి ఏడాది. వచ్చింది తనకోసం కాదట.

"నాకు బాగానే వినపడతాది సార్. మా ఇంటామె మాట్లాడేదే గొణుగుతాది. నువ్వు పోయి చూపించుకో అని ఒకటే పోరు."

శబ్దం రాని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోను పెట్టి, చేతికి మీట ఇచ్చాం. వినపడినప్పుడల్లా నొక్కమన్నాం. 250, 500, 1000 హెర్ట్జ్ దగ్గర ఠక్కున నొక్కాడు. 2000 దగ్గర కాస్త ఆలస్యం. 4000 దగ్గర సన్నని కూత పెంచుకుంటూ పోతున్నాం, అతను మీట మీద వేలు ఉంచి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. నొక్కలేదు. ఇంకా పెంచాక ఉలిక్కిపడి నొక్కాడు. 8000 దగ్గర మళ్లీ కొంచెం మెరుగు. కాగితం మీద గీత 4000 దగ్గర గుంటలోకి దిగి మళ్లీ పైకి లేచింది. చప్పుడు వల్ల వచ్చిన చెవుడుకు అది సంతకం లాంటిది, ఏ చెవి డాక్టరైనా గుర్తుపడతాడు.

పనేంటని అడిగితే టైల్స్, గ్రానైట్ కోసే పని అన్నాడు. చెవులకు ఏమైనా పెట్టుకుంటావా అంటే ఫోను తీసి చూపించాడు. ఇయర్‌ఫోన్లు! కట్టరు మోత వినలేక పాటలు పెట్టుకుంటాడట. కట్టరు మోతను దాటి పాట వినపడాలంటే మీట చివరిదాకా నొక్కాలి. అంటే ఆ చెవికి కట్టరు దెబ్బ, దాని మీద పాట దెబ్బ. చెవిని కాపాడుకుంటున్నాననే నమ్మకంతో రెండూ తగిలించుకున్నాడు పాపం. తప్పు పిల్లవాడిది కాదు. నురగతో చేసిన ఇయర్‌ప్లగ్గులు కొన్ని రూపాయలకు దొరుకుతాయి, అవి ఇవ్వాల్సింది పని చేయించుకునేవాడు.

నేను ఇవాళ చెప్పదలచుకున్న మాట ఆ కుర్రవాడి దగ్గరే ఉంది. ఇయర్‌ఫోను దానంతట అది చెడ్డది కాదు. దాని చుట్టూ ఉన్న చప్పుడు దాన్ని చెడ్డది చేస్తుంది. నిశ్శబ్దమైన ఇంట్లో తక్కువ మోతకే పాట హాయిగా ఉంటుంది. అదే పాటను జనరల్ బోగీలో కిటికీ పక్కన, ఆటోలో, ట్రాక్టరు మీద, ఆదోని జిన్నింగు మిల్లులో విన్నప్పుడు మనకు తెలియకుండానే వేలు పైకి పోతుంది. ఎంత పెంచామో గుర్తుండదు. చుట్టూ ఉన్న హోరుతో పోల్చుకుంటే అది ఎక్కువ అనిపించదు కాబట్టి.

చెవి మాత్రం అన్నీ కలిపి లెక్క వేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2018లో తెచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ మోతను వారానికి 40 గంటలు వినవచ్చు. పిల్లలకైతే 75 డెసిబెల్సే. ఇక్కడ జాగ్రత్తగా వినండి. ప్రతి 3 డెసిబెల్స్‌కు శబ్ద శక్తి రెట్టింపవుతుంది, వినదగిన సమయం సగమవుతుంది. 83 అయితే 20 గంటలు. 86 అయితే 10. 89 అయితే 5. 92కు రెండున్నర. 101 డెసిబెల్స్‌కు వచ్చేసరికి వారం మొత్తానికి 19 నిమిషాలే! నిండా పెంచితే 100 దాటించే ఫోన్లు మార్కెట్లో ఉన్నాయి. అంటే అయిదారు పాటలతో వారం కోటా సరి. మిగతా వారమంతా మిల్లు మోత, బస్సు మోత, పెళ్లి డీజే మోత అప్పు కింద రాసుకోవాలి. ఈ అప్పును చెవి వెంటనే అడగదు. అయిదారేళ్లకో పదేళ్లకో ఒక్కసారిగా వసూలు చేస్తుంది.

మన ఫ్యాక్టరీల నిబంధనల్లో ఈ లెక్క వేరుగా ఉంది. 90 డెసిబెల్స్‌కు రోజుకు 8 గంటలు, 100 డెసిబెల్స్‌కు 2 గంటలు పని చేయవచ్చని. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు ప్రకారం 100 డెసిబెల్స్‌కు రోజుకు 15 నిమిషాలు మించకూడదు. దీనితో పాటు ఒక ప్రయోగం గురించి చెప్పాలి. 2009లో బోస్టన్‌లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు 100 డెసిబెల్స్ శబ్దాన్ని రెండు గంటలు వినిపించారు. కొద్ది రోజుల్లో వాటి వినికిడి పరీక్షలు మామూలుకు వచ్చాయి. రోమకణాలు బతికే ఉన్నాయి. కానీ కోసి చూస్తే ఆ కణాలకూ నరానికీ మధ్య ఉండే అతుకులు కొన్ని చోట్ల సగం దాకా తెగిపోయి ఉన్నాయి. ఎలుక చెవీ మనిషి చెవీ ఒకటి కాదు, ఒప్పుకుంటాను. అయినా మన నిబంధన ఒక కూలీకి ప్రతి రోజూ అనుమతించిన మోతా, సమయమూ సరిగ్గా ఆ ఎలుకలకు ఒక్కసారి వినిపించినవే. ఈ నిబంధన మారాలి. నాకు ఇందులో రెండో అభిప్రాయం లేదు.

తెల్లారేసరికి చెవుల గుయ్యి తగ్గింది కదా, ఏమీ కాలేదు అని చెప్పే ధైర్యం ఆ ప్రయోగం తర్వాత డాక్టర్లకు పోయింది.

ఇంకో అన్యాయం. మోత ఎక్కువ పెంచితే చాలా ఫోన్లు హెచ్చరిక చూపిస్తాయి. ఎక్కువసేపు ఇలా వింటే వినికిడి దెబ్బతింటుంది అని. మనవాళ్ల ఫోన్లలో అది ఎక్కువగా ఇంగ్లీషులో వస్తుంది. తెలుగులో వచ్చినా చదవలేని చేతుల్లో ఆ ఫోను ఉంది. అడ్డం వచ్చిన పెట్టెను తొలగించడానికి ఓకే నొక్కడం మాత్రం అందరికీ వచ్చు. నోటితో చెప్పే హెచ్చరిక పెట్టడం ఈ కంపెనీలకు పెద్ద పనా? పెట్టాలి.

దెబ్బ తిన్నాక ప్రభుత్వం లెక్కలోనూ వీళ్లు ఉండరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లో 60 డెసిబెల్స్ నష్టం ఉంటే గానీ వినికిడి లోపం కింద రాదు. ఇందాక చెప్పిన కుర్రవాడు దానికి చాలా దూరం. అతనికి సర్టిఫికెట్ రాదు, పింఛను రాదు, మిషను రాదు. ఇంట్లో మాత్రం రోజూ గొడవ. వంద కోట్లకు పైగా యువత ఇలాంటి వినికిడి అలవాట్ల వల్ల ప్రమాదంలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఆ వంద కోట్లలో మన సుగ్గి పిల్లలూ ఉన్నారు.

ఏం చేయాలి అంటారా? ఒకే ఒక నియమం చెబుతాను, చదువు రానివాళ్లకూ గుర్తుంటుంది. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోను పెట్టుకుని పాట హాయిగా వినపడేంత వరకే పెంచండి. మీట సగం దాటదు. అదే మీ గీత. మర్నాడు బస్సులోనో మిల్లులోనో ఆ గీత చాలకపోతే, అక్కడ పాట వద్దు. గీత జరపొద్దు. పాట తర్వాత వినవచ్చు.

కొనేటప్పుడు చెవిలో మెత్తగా బిగిసే రబ్బరు ఉన్నవి కొనండి, బయటి హోరు కొంత ఆగుతుంది కాబట్టి మోత తగ్గించుకోవచ్చు. బయటి చప్పుడును ఎదురు చప్పుడుతో అణచేవి కూడా ఉన్నాయి. అలాంటి హెడ్‌ఫోన్లు చేయాలన్న ఆలోచన 1978లో విమానంలో పోతుండగా ఇంజనీరు అమర్ బోస్‌కు వచ్చింది.  ధర ఎక్కువైనా వాటితో చెవికి మేలే. అయితే వాటిని పెట్టుకుని రైలు పట్టాల మీదికి మాత్రం పోవద్దు. కోసిగి మీదుగా పోయేది ముంబై, చెన్నై మార్గం. ఆగని రైళ్లే ఎక్కువ. పట్టాలు దాటేవాడికి కూత వినపడకపోతే చెవి సంగతి తర్వాత, ప్రాణమే ఉండదు. పట్టాలు, రోడ్డు, బైకు, ఈ మూడు చోట్లా రెండు చెవులూ ఖాళీగా ఉండాలి.

చెవి కారే పిల్లలకు ఇయర్‌ఫోన్లు అసలు ఇవ్వకండి. చీము ఎండదు, మన ఎండలకూ చెమటకూ బూజు కూడా చేరుతుంది. ఒకరివి ఒకరు పెట్టుకోవద్దు. చెవిలో కోడి ఈక తిప్పడం, కాచిన నూనె పోయడం మానండి. ఇది అవ్వలకు నా మనవి.

ఇంకొకటి, చాలా ముఖ్యమైనది. 2024 జూన్‌లో గాయని అల్కా యాగ్నిక్ తనకు ఉన్నట్టుండి వినపడకుండా పోయిందని లోకానికి చెప్పారు. వైరస్ దాడి వల్ల అని డాక్టర్లు తేల్చారట. అయినా ఆ సందర్భంలోనే ఆమె హెడ్‌ఫోన్లు, పెద్ద మోతల గురించి పిల్లలను హెచ్చరించారు. ఒక చెవి ఒక్క రోజులో మూతపడిందంటే గుబిలి అనుకుని వారం రోజులు చూడకండి. రెండు మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే తిరిగి వచ్చే అవకాశం ఉంది. ఆలస్యమైతే ఆ అవకాశం చేజారుతుంది. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో చెవి విభాగం ఉంది. ఆ రోజే బయలుదేరండి.

బడి పెద్దలకు ఒక విన్నపం.  రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకు జరిగే ఆరోగ్య పరీక్షల్లో వినికిడి కూడా ఉంది. ఆ బృందం బడికి వచ్చినప్పుడు చెవి పరీక్ష పేరుకు కానివ్వకుండా దగ్గరుండి చేయించండి. సుగ్గికి పోయిన తల్లిదండ్రుల పిల్లలు ఆ రోజు బడికి వచ్చేలా చూడండి, వాళ్లను పిలుచుకొచ్చే మనిషి ఇంట్లో ఉండరు.

చివరగా మేస్త్రీలకు. ఈ ఏడాది దీపావళి తర్వాత మీరు బెంగళూరుకు మనుషులను తీసుకుపోతారు. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే కట్టరు, డ్రిల్లు పట్టే ప్రతి కుర్రవాడికీ ఇయర్‌ప్లగ్గులు ఇవ్వాలని కాంట్రాక్టరుతో మాట్లాడండి. ఇవ్వనంటే మీరే కొనిపెట్టండి. ఒక పూట టీ ఖర్చు కూడా కాదు.